ఎదురెదురు కుర్చీల లెక్క

మొన్నామధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు లెక్చరర్లు మా ఇంటికొచ్చారు. కాఫీ తాగుతూ, "మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన రోజు ఏదండీ మేడమ్?" అని అడిగారు. మా పిల్లలకు ర్యాంకులొచ్చిన రోజో, నాకు శాలువా కప్పిన రోజో చెబుతాననుకున్నారు పాపం. విజయవాడ స్టేషన్లో ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చున్న ఒక మధ్యాహ్నం అన్నాను. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. మర్యాదస్తులు కాబట్టి రైలు తప్పిపోయిందా అని మాత్రం అడిగారు. సగం చెప్పేసరికి వాళ్ళ బస్సు టైమైపోయింది. మిగతా సగం కోసం వాళ్ళు మళ్ళీ వస్తారన్న నమ్మకం లేదు గనుక మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను.

నేను లెక్కల లెక్చరర్ని. తొంభైల్లో విజయవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పనిచేసేదాన్ని. మా వారికి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఉద్యోగం. అక్కడి క్వార్టర్స్ నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. కిటికీ పక్క సీటు దొరికిందంటే ఇక నేను ఈ లోకంలో లేనట్టే. కృష్ణ మీద పొద్దుటి మంచు ఇంకా విడిపోకముందు, నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత కనపడేది కాదు. ఆ తెల్లటి ఖాళీలో నేను బొమ్మలు గీసుకునేదాన్ని. ఒక చుక్క, దాని చుట్టూ ఒక చుట్టు, మళ్ళీ ఒక చుక్క. కండక్టరు వచ్చి "అమ్మా, బస్టాండండీ, దిగరా?" అని అడిగేదాకా నాకు తెలిసేది కాదు. డిపోలోకి వెళ్ళిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

ఆ చుక్కలూ చుట్లూ నా పీహెచ్‌డీ. ఉద్యోగం చేసుకుంటూనే పరిశోధనకు రిజిస్టర్ చేయించుకున్నాను. మా గైడు కృష్ణా జిల్లా మనిషే, చాలా ఏళ్ళుగా దూరాన ఒక యూనివర్సిటీలో స్ట్రింగ్ సిద్ధాంతం మీద పనిచేస్తున్నారు. ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు. భయపడకండి, పరీక్ష పెట్టను.

పదార్థంలోని అతి చిన్న కణాలు ఒకదాన్నొకటి ఎలా లాక్కుంటాయో, ఎలా నెట్టుకుంటాయో చెప్పేవి గేజ్ సిద్ధాంతాలు. వాటిలో చాలావాటికి కచ్చితమైన జవాబు దొరకదు, ఉజ్జాయింపుతో సరిపెట్టుకోవాలి. కానీ ప్రతి కణానికీ ఒక జోడీ కణం ఉందనుకుంటే లెక్కలోని చిక్కులు చాలావరకు తమలో తామే కొట్టేసుకుపోతాయి. దాన్ని సూపర్‌సిమెట్రీ అంటారు. అప్పుడు మన చేతిలో మిగిలేది ఒక బొమ్మ. ఆ సిద్ధాంతంలో శూన్యం, అంటే కణాలేవీ లేని స్థితి, ఒకటే కాదు, ఒక మైదానం నిండా శూన్యాలే. మైదానంలో ప్రతి చోటా ఒక చిల్లు గారె పెట్టి ఉందనుకోండి. చోటు మారేకొద్దీ గారె ఆకారం మారుతుంటుంది. కొన్ని చోట్ల మాత్రం అది నొక్కుకుపోతుంది, అక్కడ ఏదో ఒక కణం బరువంతా పోయి తేలిపోతుంది. ఆ చోట్లను మేం గుంటలు అనుకునేవాళ్ళం. గుంట చుట్టూ ఒక చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చామా, చోటు అదే, కానీ మనం విద్యుత్తు అనుకున్నది కొంత అయస్కాంతమై కూర్చుంటుంది. ఎంత మారిందో చెప్పే అంకెల పెట్టెను మాత్రిక అంటాం. ఈ గారె ఉత్త లెక్కల సౌకర్యం కాదనీ, మన కళ్ళకు ఆనని దిక్కుల్లో స్థలమే అలా ముడుచుకుని ఉండొచ్చనీ, కణాలను కంపించే తీగలుగా చూసే స్ట్రింగ్ సిద్ధాంతం చెబుతుంది. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇప్పటికీ జలదరిస్తుంది.

నాకిచ్చిన సిద్ధాంతంలో గారెకు రెండు చిల్లులు, మైదానంలో గుంటలు కాస్త ఎక్కువ. నేను చేయాల్సిందల్లా ఒక్కో గుంట చుట్టూ తిరిగి ఒక్కో మాత్రిక కనుక్కోవడం. అన్నిటినీ వరసగా గుణిస్తే, గుంటలన్నిటినీ కలిపి బయటినుంచి ఒకే పెద్ద చుట్టు తిరిగితే వచ్చే మాత్రిక రావాలి. వస్తే లెక్క మూసుకున్నట్టు. రాకపోతే ఎక్కడో తప్పున్నట్టు. నాది మూసుకునేది కాదు.

ఒంటరిగా కుస్తీ పడుతుంటే చూడలేక చెయ్యి కలిపింది మా ఫిజిక్స్ సార్. చల్లపల్లి దగ్గర ఒక క్రైస్తవ కుటుంబం ఆయనది. వయసులో ఉన్నప్పుడు పెద్ద సంస్థలో పరిశోధనకు చేరి, ఇంట్లో పరిస్థితుల వల్ల మధ్యలో మానేసి వచ్చారు. శనివారం సాయంత్రం ఊరికెళ్ళి, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించి, సోమవారం పొద్దున్నే పామర్రు మీదుగా బస్సులో దిగేవారు. ఆ రెండు రోజుల్లో చేసిన లెక్కంతా బస్సు కుదుపులకు వంకర్లు పోయి ఉండేది. తన పరిశోధన గురించి ఎప్పుడూ మాట్లాడేవారు కాదు. నా లెక్క గురించి మాత్రం తెగ మాట్లాడేవారు.

మా స్టాఫ్ రూము గురించి చెప్పాలి. పొడుగాటి బల్ల ఒకటే. గోడ వైపు ఆడవాళ్ళం, కాలువ కనపడే కిటికీ వైపు మగవాళ్ళు. ఎవరూ పెట్టిన నియమం కాదు, ఎవరూ తప్పిందీ లేదు. మా గోడ వైపుకు మహారాణి కెమిస్ట్రీ మేడమ్. ఆవిడ దగ్గర అన్నిరకాల ఊరగాయలూ, అందరి సంగతులూ ఉండేవి. ఒకసారి కొత్తగా చేరిన ఇంగ్లీషు సారు తెలియక మా వైపు ఖాళీ కుర్చీలో కూర్చుంటే, "ఎండ పడుతుందేమో బాబూ, అటేపు కూర్చోండి" అన్నారు. ఎండ పడేది అటువైపే. ఆయన వెళ్ళి ఎండలో కూర్చున్నారు.

కాబట్టి ఫిజిక్స్ సారూ నేనూ ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో ఒకే పెద్ద కాగితం పరుచుకుని పనిచేసేవాళ్ళం. గుంటల్ని పంచుకున్నాం. తలుపు వైపువి నావి, బీరువా వైపువి ఆయనవి. గుంట చుట్టూ తిరగాలంటే ముందు బయల్దేరడానికి ఒక చోటు కావాలి కదా. పెన్ను అక్కడ పెట్టి, వెళ్ళి, గుంటను చుట్టి, మళ్ళీ అక్కడికే రావాలి. ఎవరి భాగం వాళ్ళం ఇంటి దగ్గర శుభ్రంగా తిరగరాసుకుని తెచ్చి, ఒకరి లెక్క ఒకరం దిద్దుకునేవాళ్ళం. ఆయన మాత్రికల్లో నాకు ఎప్పుడూ తప్పు దొరకలేదు. నావాటిలో ఆయనకు దొరికిన చిల్లర తప్పులన్నీ సరిచేశాం. అయినా గుణిస్తే తేడా వచ్చేది. ఏదో పెద్ద అంకె తేడా అయితే సరే అనుకోవచ్చు. ఊరించేటట్టు, ఒక మూల ప్లస్ ఉండాల్సిన చోట మైనస్, ఇంకో మూల ఒకటి ఉండాల్సిన చోట మూడు.

"సిద్ధాంతంలోనే ఇంకో గుంట దాక్కుని ఉందేమోనండీ" అన్నారొకరోజు ఫిజిక్స్ సార్.

"ఉంటే మనకు కనపడొద్దా?"

"కనపడకుండా ఉండడాన్నేగా మేడమ్ దాక్కోడం అంటారు."

ఆ మాట పట్టుకుని ఇద్దరం నెలల తరబడి లేని గుంట కోసం వెతికాం. నాకైతే కలలో కూడా అదే. కొల్లేరులాంటి పెద్ద నీళ్ళ మీద పడవలో తిరుగుతుంటాను, ఎంత తిరిగినా బయల్దేరిన రేవుకు చేరను, కానీ భయం వేయదు, ఎండ మెత్తగా ఉంటుంది. లేచాక మాత్రం దిగులు పట్టుకునేది.

దిగులు పడటానికి మెలకువలో కారణాలు వేరే ఉన్నాయి. మా కాలేజీ యాజమాన్యం ఊరి బయట ఎంసెట్ కోచింగు క్యాంపస్ ఒకటి మొదలుపెట్టింది. తెల్లవారుజామున మొదలై చీకటి పడేదాకా క్లాసులే. డాక్టరేట్ లేనివాళ్ళందర్నీ వచ్చే ఏడాది అక్కడికి పంపిస్తామనీ, ఉన్నవాళ్ళను డిగ్రీలోనే ఉంచుతామనీ కరస్పాండెంట్ గారు మీటింగులో చెప్పేశారు. అక్కడికెళ్తే నాకు పాఠం తప్ప ఇంకేమీ మిగలదు. బస్సు కిటికీ కూడా మిగలదు, చీకట్లో బయల్దేరాలి కాబట్టి. దానికి తోడు మా గైడు ఆ ఏడాదే రిటైరవుతున్నారు. నా రిజిస్ట్రేషన్ గడువుకు పొడిగింపులు కూడా అయిపోయాయి. గవర్నరుపేటలో ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేస్తే ఆయన మెల్లగానే అన్నారు.

"అమ్మా, మూసుకోని లెక్క మీద నేను సంతకం పెట్టలేను. నేను పెట్టినా బయటి పరీక్షకులు ఊరుకోరు. వచ్చే వారం ఢిల్లీ వెళ్తూ విజయవాడలో రైలు మారుతున్నాను. మధ్యాహ్నం ఖాళీ. స్టేషనుకి తెచ్చి చూపించు. అప్పటికీ తేలకపోతే..."

"తేలకపోతే ఏంటి సార్?"

"చేసినంతవరకూ బాగా చేశావనుకుని వదిలేద్దాం."

బూతు బయటికొచ్చి ఏలూరు కాలువ వంతెన మీద చాలాసేపు నిలబడ్డాను. వదిలేయడం అంత పెద్ద పనేమీ కాదు, లోకంలో ఎంతమంది వదిలేయలేదు. కానీ నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు ఫిజిక్స్ సారు కూడా నాతో వస్తానన్నారు. నేనొద్దంటే, "నా సగం నేను చెప్పుకోవాలి కదండీ" అన్నారు. ఆటోలో వద్దనుకుని ఎవరి సిటీ బస్సులో వాళ్ళం స్టేషనుకు చేరాం. గైడు గారు ప్లాట్‌ఫాం మీద ఒక బెంచీ చూసుకుని, సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పెరుగన్నం పొట్లం విప్పుకుని తింటున్నారు. మమ్మల్ని చూసి పొట్లం చుట్టేసి, చేతులు కడుక్కొచ్చి, "కూర్చోండి" అన్నారు. ఇద్దరం నిలబడే ఉన్నాం.

"నించుని గుణకారం చేస్తారా ఏంటి? కూర్చోండమ్మా" అని తను బెంచీ మధ్యలోకి జరిగారు. చెరో పక్కా కూర్చున్నాం. ఆయన సూట్‌కేసే మాకు బల్ల. దాని మీద తెల్ల కాగితం పరిచి, గుంటలు నేను గుర్తుపెట్టాను.

మధ్యాహ్నం ఎండ పైకప్పు సందుల్లోంచి పట్టాల మీద పడుతోంది. ఏదో రైలు ఆలస్యంగా నడుస్తున్నందుకు చింతిస్తున్నామని మైకులో ఆడగొంతు ఏమాత్రం చింత లేకుండా చెబుతోంది. టీ అమ్మేవాడు, సమోసాలవాడు, మామిడి తాండ్ర బుట్టతో ఒకావిడ, అందరూ నీళ్ళల్లో కదిలినట్టు కదులుతున్నారు. నాకు ఇవన్నీ చాలా దూరంగా, చాలా అందంగా కనిపించాయి. ఓడిపోబోయే ముందు అలా ఉంటుందేమో.

"మాత్రికలు తర్వాత. ముందు చుట్లు గీసి చూపించండి" అన్నారు గైడు గారు.

ఫిజిక్స్ సారు పెన్ను తీసుకున్నారు. మా ఒళ్ళవైపున్న కాగితం అంచు దగ్గర పెన్ను ఆనించి, అక్కడినుంచి తన మొదటి గుంట వైపు గీత లాగడం మొదలుపెట్టారు. నాకు ఏదో తేడాగా తోచింది. ఆయన గీసిన చుట్లు నేను వందసార్లు చూశాను, కానీ ఎప్పుడూ ఇలా చూడలేదు. నాకు తెలిసిన ఆయన గీత అవతలి అంచు నుంచి నా వైపు వచ్చేది. ఇది నా దగ్గర బయల్దేరి అవతలికి పోతోంది.

"ఆగండి సార్" అన్నాను. "మీరెప్పుడూ అక్కణ్ణుంచే మొదలుపెడతారా?"

"మరెక్కణ్ణుంచి మొదలుపెడతానండీ?"

"నేనూ అక్కణ్ణుంచే."

"అయితే ఇంకేం, ఇద్దరిదీ ఒకటేగా" అన్నారాయన. అంటూనే ఆగిపోయారు. పెన్ను గాల్లో ఉండిపోయింది.

గైడు గారు ఒకసారి ఆయన్నీ, ఒకసారి నన్నూ చూశారు. "మీరిద్దరూ ఎలా కూర్చుని చేస్తారమ్మా?"

"ఎదురెదురుగానండీ."

"ఒకే కాగితానికి చెరో వైపా?"

"అవునండీ."

"ఎందుకలా?"

ఏమని చెబుతాం? స్ట్రింగ్ సిద్ధాంతం చదువుకున్న మనిషికి మా స్టాఫ్ రూము సిద్ధాంతం ఎలా వివరించాలి? ఆయనే అర్థం చేసుకుని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కాగితానికి రెండంచులుంటాయని ఒక్కరికీ తట్టలేదా?" అన్నారు.

తట్టలేదు. ఎవరికి వారం మా వైపు అంచునుంచే గీత మొదలుపెట్టాం. చెప్పుకోవాల్సిన సంగతి అని కూడా అనిపించలేదు. ఆయన మాత్రికలన్నీ ఒప్పే, నావన్నీ ఒప్పే. ఆయన బయల్దేరిన ఊరు వేరు, నేను బయల్దేరిన ఊరు వేరు, అంతే. ఇంటి దగ్గర తిరగరాసేటప్పుడు కాగితం ఎవరి ముందు వాళ్ళకు నిటారుగానే ఉండి, బయల్దేరే చోటు ఎప్పుడూ కింది అంచులోనే కనపడేది గనుక దిద్దుకునేటప్పుడూ దొరకలేదు. ఆడవాళ్ళొక వైపు, మగవాళ్ళొక వైపు కూర్చునే ఊళ్ళో తప్ప ఈ పొరపాటు ఇంత కాలం బతకదు.

"ఆయన సగాన్ని నీ వైపుకు తీసుకురా" అన్నారు గైడు గారు. అవతలి అంచునుంచి ఇవతలి అంచుకు రావాలంటే గుంటల మధ్యనుంచి దారి చూసుకుని రావాలి. ఆ దారిలో ఒక్కో మాత్రికా కొంచెం మారుతుంది. నేను గుణించడం మొదలుపెట్టాను. ఫిజిక్స్ సారు అటు పక్కనుంచి తల వంచి ప్రతి అంకే పైకి చదువుతున్నారు. మైకులో గైడు గారి రైలు వస్తోందన్నారు. ఆయన కదల్లేదు. రైలు వచ్చి ఆగింది. జనం మా మోకాళ్ళను రాసుకుంటూ పరుగెత్తుతున్నారు. చివరి వరస మిగిలింది. మైనస్ ఉండే మూల ప్లస్ వచ్చింది. ఆ తర్వాత మూడు ఉండే మూల ఒకటి వచ్చింది.

లెక్క మూసుకుంది. ఏ గుంటా దాక్కోలేదు.

నేను ఏడ్చాను. ప్లాట్‌ఫాం మీద, అంతమందిలో, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని. మామిడి తాండ్ర ఆవిడ నా దగ్గర ఆగి, "ఎవరన్నా ఎల్లిపోతన్నారామ్మా?" అని అడిగింది. కాదన్నట్టు తలూపాను. గైడు గారు సూట్‌కేసు తీసుకుని లేచారు. "రాసెయ్యమ్మా. ఎక్కణ్ణుంచి బయల్దేరామో మొదటి పేజీలోనే రాయి" అన్నారు, రైలెక్కేశారు. ఫిజిక్స్ సారు మాత్రం రైలు కదిలి వెళ్ళిపోయాక కూడా ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూస్తూ కూర్చున్నారు. చివరికి, "ఇది తేలిపోయిందండీ" అన్నారు, ఎవరో చెబితే తెలుసుకున్నట్టు. ఆయన మొహం అంత తేటగా నేను మునుపు చూడలేదు.

థీసిస్ నెగ్గింది. అంతకుముందే ఒక పత్రికలో వచ్చిన పేపరు మీద మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆయన తన పేరు వద్దంటే, అయితే మీ సగం లెక్క కూడా తీసేసుకోండి అన్నాను. కెమిస్ట్రీ మేడమ్ పేపరు తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పేర్లున్న చోట వేలు పెట్టి చూశారు. "పక్కపక్కనే వేశారేంటమ్మా? ఎదురెదురుగా వేయించకపోయావా?" అన్నారు. తర్వాత నాకో సీసా మాగాయ పచ్చడి ఇచ్చారు. ఆవిడ ఇవ్వగలిగిన డాక్టరేట్ అదే.

ఇక మా కరస్పాండెంట్ గారు. మిఠాయి పొట్లంతో వెళ్తే చాలా సంతోషించారు. "డాక్టరేట్ ఉన్న మేడమ్ ఎంసెట్‌కు పాఠం చెబుతారంటే ఆ విలువే వేరండీ" అన్నారు. మాట ఇచ్చారు కదా సార్ అన్నాను. "అప్పుడు మీకు డాక్టరేట్ లేదు కదమ్మా" అన్నారు. మిఠాయి పొట్లం ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. నెల తిరక్కుండా బెంజి సర్కిల్ దగ్గర హోర్డింగు మీద నా ఫొటో వెలిసింది. మా వారు స్కూటరు ఆపి మరీ చూసి, ముక్కు కాస్త పెద్దగా వచ్చిందన్నారు.

కోచింగు క్యాంపస్‌లో మొదటి ఏడాది నాకు గుర్తుకూడా లేదు. పిల్లలు నిద్ర కళ్ళతో వచ్చేవాళ్ళు. లెక్క చెప్పడం, షార్ట్‌కట్ చెప్పడం, ఇంకో లెక్క. ఎవరూ ప్రశ్న అడిగేవాళ్ళు కాదు. అడిగితే ఒక్కటే, ఇది పరీక్షలో వస్తుందా. ఇందుకా ఇంత చేశాను అని అనుకోని రోజు లేదు.

రెండో ఏడాది ఒక ఉదయం కాంప్లెక్స్ నంబర్లు చెబుతున్నాను. ఆ రోజు ఎందుకో షార్ట్‌కట్ మీద మనసు పోలేదు. మచిలీపట్నం వైపు చేపల వ్యాపారం చేసుకునేవాళ్ళ అమ్మాయి ఒకతె మూడో బెంచీలో కూర్చునేది, ఎప్పుడూ మాట్లాడేది కాదు. బోర్డు దగ్గరికి పిలిచాను. మధ్యలో సున్నా పెట్టాను. "ఒకటి దగ్గర బయల్దేరి సున్నా చుట్టూ తిరిగి రా. తిరుగుతూ వర్గమూలం ఎలా మారుతోందో చెబుతుండు. మధ్యలో ఎక్కడా గెంతకూడదు" అన్నాను. ఆ పిల్ల సుద్దముక్క పట్టుకుని మెల్లగా, ఒక్కో చోటా విలువ చెబుతూ తిరిగింది. ఒకటి దగ్గర ఒకటితో బయల్దేరింది. మళ్ళీ ఒకటి దగ్గరికి వచ్చేసరికి చేతిలో మైనస్ ఒకటి ఉంది.

వెనకనుంచి ఒక అబ్బాయి, "మేడమ్, ఇది ఎంసెట్‌లో వస్తుందా?" అన్నాడు.

"రాదు నాన్నా" అన్నాను. వాళ్ళందరూ పెన్నులు కింద పెట్టేస్తారని తెలుసు. డస్టర్ అందుకున్నాను.

"చెరపొద్దండీ మేడమ్" అంది ఆ అమ్మాయి. బోర్డు వైపే చూస్తోంది. "మరి ఇంకో చుట్టు తిరిగితే?"

అన్నేళ్ళ సర్వీసులో నన్నెవరూ అడగని ప్రశ్న అది. నేను డస్టర్ బల్ల మీద పెట్టేసి, బోర్డుకు అడ్డం తప్పుకుని, "తిరిగి చూడు" అన్నాను.